రంగొస్తే స్పీడు రాదు, స్పీడొస్తే రంగు రాదు: ఒక ప్లేస్టేషన్ కేసు

"అన్నా, దీనికేదో పిచ్చి పట్టింది. రంగొస్తే స్పీడు రాదు, స్పీడొస్తే రంగు రాదు."

కోవూరు నుంచి వచ్చిన కుర్రాడు కౌంటరు మీద సంచి దించుతూ అన్న మొదటి మాట ఇది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. కస్టమరు చెప్పే జబ్బుకీ పెట్టెలో ఉన్న జబ్బుకీ చాలాసార్లు పొంతన ఉండదు. పిక్చర్ ట్యూబు పోయిందని ఆటోలో వేసుకొస్తారు, చూస్తే ప్లగ్గు వదులు. ఈ కుర్రాడు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. కాకపోతే అది నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అందులో ఒక రోజు పూర్తిగా నా పొరపాటుకే పోయింది.

సంచిలో బూడిదరంగు ప్లేస్టేషన్, రెండు రిమోట్లు (అతను జాయ్‌స్టిక్కులనే అంటాడు), ఏవీ వైరు, డిస్కుల పౌచ్, వాటితోపాటు ఇటుకరాయంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. మెషీన్ వాళ్ల నాన్న చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అప్పుడు వీడు ఆరో తరగతి. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి ఇంటికొచ్చి, అటక మీంచి దించి, దుమ్ము తుడిచి పెట్టాడు. ఆడింది. ఆడింది కానీ నచ్చలేదు.

సంగతేమిటంటే, బెంగళూరులో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఇదే కార్ రేసు ఆట ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రాము) పెట్టి ఆడారట. "ఊళ్లో నన్ను ఓడించినోడు లేడన్నా. అక్కడ మొదటి మలుపులోనే గోడకి కొట్టేశా. కార్లు ఎగిరిపోతా ఉండాయి." ఇంటికొచ్చి సొంత మెషీన్ మీద పెడితే కార్లు ఎడ్లబండ్లలా నడిచాయి. మెషీన్ ముసలిదైపోయి నీరసించిందని అతని అనుమానం. పౌచ్‌లో అదే ఆటది ఇంకో డిస్కు కూడా ఉంది. చిన్నప్పుడు అది పెడితే బొమ్మ నలుపు తెలుపులో వచ్చేదని పక్కన పడేశారు. ఇప్పుడు దాన్ని పెట్టి చూస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్నంత వేగమూ ఉంది. రంగు మాత్రం అప్పట్లాగే లేదు.

నా దగ్గరికి వచ్చేముందు రెండు చోట్ల చూపించాడు. ఒకచోట లెన్సు మార్చారు. రెండో చోట "ఇది ఫారిన్ మెషీన్, మన కరెంటు పడదు" అని ఆ ఇటుకరాయిని అంటగట్టారు. 230 వోల్టుల్ని 110 చేసేది అది. దాన్ని మెషీన్‌కి తగిలించకముందే నా దగ్గరికి తెచ్చాడు కాబట్టి సరిపోయింది. మధ్యలో కేబుల్ అబ్బాయి ఎవరో ఇంట్లో టీవీ స్క్రూ ఒకటి తిప్పాడట. ఆ కథ తర్వాత.

పరీక్ష

మెషీన్ వెనక స్టిక్కరు చూశాను. మోడల్ నంబరు చివరి అంకె 2. ప్లేస్టేషన్ మొదటి తరంలో ఆ చివరి అంకె ఏ దేశం సరుకో చెబుతుంది: 0 అయితే జపాన్, 1 అయితే అమెరికా, 2 అయితే ఐరోపా వైపు. అంటే ఇది 220-240 వోల్టులకి, పాల్ (మన దేశం తీసుకున్న టీవీ పద్ధతి) టీవీకి తయారైన మెషీన్. మన గోడ ప్లగ్గుకి నేరుగా పెట్టొచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన పెట్టేశాను. లోపల పవర్ బోర్డు వోల్టేజీలు సరిగ్గానే ఉన్నాయి. చిప్పు వేసి ఉంది, అందుకే ఏ దేశం డిస్కైనా, కాపీదైనా చదువుతోంది. లెన్సు కొత్తది, డిస్కు తడబాటు లేకుండా చదువుతోంది.

రంగు డిస్కు పెట్టి అయిదు నిమిషాలు ఊరికే చూశాను. కారు నెమ్మదిగా పోతోంది, నిజమే. కానీ వెనక పాట మామూలు వేగంలోనే వస్తోంది. గొంతు బండబారలేదు, సాగలేదు. ఇక్కడ నాకు మొదటి దారం దొరికింది. ఈ ఆటలో పాటలు ఆడియో సీడీలో లాగే డిస్కు మీద నేరుగా ఉన్నాయి. డిస్కు తిరగడంలో, చదవడంలో లోపం ఉంటే పాటే ముందు చెడాలి. పాట బాగుండి కారు నెమ్మదించిందంటే జబ్బు డిస్కులోనూ లేదు, లెన్సులోనూ లేదు. లెన్సు మార్చినందుకు అతను కట్టిన డబ్బులు వృథా అని ఆ క్షణమే తెలిసింది, చెప్పలేదు.

తర్వాత స్టాప్‌వాచ్ తీశాను. ఆటలో మూలన ల్యాప్ గడియారం ఉంటుంది. అది సున్నా నుంచి ఒక నిమిషం చూపేలోపు నా చేతిలో ఎంతయిందో చూడాలి. అంతే. రంగు డిస్కు: 72.1, 72.4, 72.2 సెకన్లు. నలుపు తెలుపు డిస్కు: 60.6, 60.7, 60.6. ఆ పైన ఉన్న అర సెకను నా బొటనవేలి తప్పనుకుని వదిలేశాను. బొటనవేలు తప్పు చేస్తే మూడుసార్లూ ఒకేలా చేయదు కదా అని అప్పుడు తట్టలేదు.

నిమిషానికి 72 సెకన్లు. 60ని 50తో భాగించి 60తో గుణిస్తే 72. టీవీ మెకానిక్కులకి ఈ రెండు అంకెలూ ఒంట్లో ఇంకిపోయి ఉంటాయి.

కుర్రాడికి ఇట్లా చెప్పాను: "తమ్ముడూ, పులివేషం చూశావుగా. డప్పు దెబ్బ పడితేనే పులి అడుగేస్తుంది. నిమిషానికి అరవై దెబ్బలు కొట్టేవాడు యాభై కొడితే పులికి జ్వరమొచ్చినట్టు ఉంటుంది. పులిలో ఏం లోపం లేదు, డప్పే నెమ్మది." ఆ కాలం కన్సోళ్లలో డప్పు టీవీ పద్ధతే. టీవీ మీద ఒక బొమ్మ గీయడం పూర్తయి, కిరణం మళ్లీ పైకి వెళ్లే చిన్న విరామం ఉంటుంది. ఆట ప్రోగ్రాము ఆ విరామం కోసం కాచుకుని ఉండి, అది రాగానే కారుని ఒక అడుగు జరుపుతుంది, గడియారానికి ఒక చుక్క కలుపుతుంది, మళ్లీ కాచుకుంటుంది. అమెరికా, జపాన్ టీవీల్లో ఆ విరామం సెకనుకి 60 సార్లు. మన టీవీల్లో 50 సార్లు. 60 దెబ్బలకి రాసిన ఆటని మార్చకుండా 50 దెబ్బల మెషీన్‌కి ఇస్తే ఆరో వంతు వేగం పోతుంది. ఆట గడియారం కూడా ఆ దెబ్బలనే లెక్కపెడుతుంది కాబట్టి దానికి తాను వెనకబడ్డ సంగతే తెలియదు. బయట స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడికే తెలుస్తుంది.

"అంటే మన కరెంటు 50 కాబట్టేనా? ఇన్వర్టర్ పెడితే?" అన్నాడు. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. సగం నిజం ఉంది కాబట్టే ఇన్నేళ్లుగా చావట్లేదు. టెలివిజన్ మొదలైన రోజుల్లో తెర రేటుని ఊళ్లో కరెంటు రేటుకి జత చేశారు. రెండూ వేరువేరుగా ఉంటే కరెంటు హమ్ము తెర మీద పట్టీలా పైకీ కిందికీ పాకుతూ కనిపించేది. అట్లా 50 సైకిళ్ల కరెంటున్న చోట 50, 60 ఉన్న చోట 60 స్థిరపడ్డాయి. అమెరికాలో 525 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు (ఒక ఫీల్డు అంటే బొమ్మలో సగం గీతలు). ఐరోపాలో ఎక్కువచోట్ల 625 గీతలు, 50 ఫీల్డులు. మన దేశం ఈ రెండో దారి పట్టింది. 1982లో రంగుల ప్రసారం మొదలైనప్పుడు పాల్ పద్ధతి తీసుకున్నాం. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీలో వాల్టర్ బ్రూక్ తయారుచేసిన పద్ధతి అది. ఆ ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడల పేరు చెప్పి కలర్ టీవీలు కొన్నవాళ్లు నెల్లూరులోనూ ఉన్నారు.

కానీ ఒకసారి స్థిరపడ్డాక కరెంటుకీ ఆటకీ సంబంధం తెగిపోయింది. దీనికి జపానే సాక్ష్యం. పందొమ్మిదో శతాబ్దం చివర టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్లు అమెరికా జనరేటర్లు కొన్నారు. అందుకే ఇప్పటికీ ఆ దేశంలో తూర్పున 50, పడమర 60. టీవీ మాత్రం అప్పట్లో దేశమంతా అమెరికా పద్ధతే. టోక్యో పిల్లవాడి గోడ ప్లగ్గులో మనలాగే 50 సైకిళ్లే. అయినా వాడి కారు పూర్తి వేగంతోనే పరుగెత్తింది. ప్లేస్టేషన్ పవర్ బోర్డు కరెంటుని లోపలికి రాగానే డీసీ చేసేస్తుంది. ఆ తర్వాత తాళం వేసేది బోర్డు మీది క్రిస్టల్. ఇక ట్రాన్స్‌ఫార్మరు మార్చేది వోల్టులనే, సైకిళ్లని కాదు. దాన్ని ఈ మెషీన్‌కి తగిలించి ఉంటే స్పీడు పెరగకపోగా అసలు ఆన్ అయ్యేది కాదేమో.

అమ్మగారి స్క్రోలింగు

టీవీ స్క్రూ కథ ఇక్కడ చెప్పాలి. రంగు డిస్కు పెడితే తెరకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. టీవీలో హైట్ తగ్గిందనుకుని ఎవరో వెనక ప్రీసెట్ తిప్పి బొమ్మని సాగదీశారు. ఆట తెర నిండా వచ్చింది. మర్నాటి నుంచి వాళ్లమ్మకి వార్తల కింద నడిచే స్క్రోలింగు కనిపించడం మానేసింది. సీరియల్లో మనుషుల నుదుళ్లు తెగిపోయాయి. "ఆ బండ తెచ్చి నా టీవీ చెడగొట్టినావు" అని రోజూ అక్షింతలట.

నిజానికి ఆ పట్టీలు కూడా అదే జబ్బు లక్షణం. 60 పద్ధతికి గీసిన బొమ్మ ఎత్తు 240 గీతలు. పాల్ తెరలో కనిపించే చోటు 288. మిగిలిన 48 గీతలకి బొమ్మే లేదు, నలుపు వస్తుంది. 240ని 288తో భాగించి చూడండి, ఆరింట అయిదు వంతులు. 50ని 60తో భాగించినా అంతే. వేగం పోయిన వాటా, ఎత్తు పోయిన వాటా ఒకటే. ఇది గాలివాటంగా కుదిరింది కాదు. 625 గీతల్ని సెకనుకి 25 నిండు బొమ్మలుగా గీస్తే 15,625 గీతలు. 525 గీతల్ని 30కి ఒక పిసరు తక్కువగా గీస్తే 15,734. రెండు పద్ధతుల్లోనూ కిరణం అడ్డంగా పరుగెత్తే వేగం దాదాపు ఒకటే. ఒకరు ఆ గీతలతో ఎక్కువ బొమ్మలు గీశారు, ఇంకొకరు తక్కువ బొమ్మలు ఎత్తుగా గీశారు. మన టీవీలు 60 బొమ్మని కూడా పెద్ద గొడవ లేకుండా పట్టుకోగలగడానికి కారణం ఇదే. మరీ పాతవాటిలో బొమ్మ కిందికి జారుతుంటే వీ-హోల్డ్ (బొమ్మ జారకుండా ఆపే మర) కాస్త తిప్పితే నిలబడేది.

అదే వారం వాళ్లింటికి వెళ్లి హైట్ మళ్లీ పాత చోటికి తెచ్చాను. స్క్రోలింగు వచ్చింది. నాకు కాఫీ వచ్చింది.

నా పొరపాటు

వేగం సంగతి గంటలో తేలింది. రంగు దగ్గర నేను బోర్లా పడ్డాను.

రంగు డిస్కు పాల్ ఆట. నలుపు తెలుపు డిస్కు అమెరికా ఆట, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి). ఆ డిస్కు పెట్టగానే మెషీన్ 60కి మారుతోంది, అందుకే వేగం సరిగ్గా ఉంది. రంగు రాలేదంటే టీవీ ఎన్‌టీఎస్‌సీ రంగు పట్టుకోలేదనే నేను అనుకున్నాను. రంగుని టీవీకి మోసుకొచ్చే తరంగం పాల్‌లో 4.43 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 3.58. పాత సింగిల్ సిస్టమ్ టీవీలో 4.43 క్రిస్టల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి నలుపు తెలుపే వస్తుంది. కానీ వాళ్లింట్లోది, నా షాపులోది రెండూ మల్టీ సిస్టమ్ సెట్లు. అయినా పట్టుదలగా నా సెట్టులో 3.58 క్రిస్టల్ మార్చాను, సోల్డరింగ్ మళ్లీ పోశాను, కలర్ సెక్షన్ అంతా తడిమాను. సాయంత్రమైంది. చివరికి మేనల్లుడు వచ్చి అమెరికా డీవీడీ ఒకటి పెట్టాడు. ఎన్‌టీఎస్‌సీ బొమ్మ రంగుల్లో పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. టీవీలో ఏమీ లేదు. ఆ పరీక్ష పొద్దున్నే, అయిదు నిమిషాల్లో చేసి ఉండాల్సింది.

సరే, మెషీన్‌లో బొమ్మకి రంగు తరంగం కలిపి టీవీకి పంపే ఎన్‌కోడర్ ఐసీ పోయిందనుకున్నాను. అది పోతే పాల్ డిస్కుకి రంగెలా వస్తుంది? మర్నాడు పొద్దున ఊహలు మానేసి ఫ్రీక్వెన్సీ కౌంటర్ తెచ్చి ఎన్‌కోడర్‌కి వచ్చే రంగు క్లాక్ మీద పెట్టాను. పాల్ డిస్కుకి 4.4336. సరిగ్గా ఉండాల్సిందే ఉంది. అమెరికా డిస్కు పెట్టాను. 3.5795 రావాలి. 3.5469 వచ్చింది.

ఆ అంకె చూసి కాగితం మీద భాగహారం మొదలుపెట్టాను. పాల్ ప్లేస్టేషన్ బొమ్మ క్లాక్ 53.203425 మెగాహెర్ట్జ్. దాన్ని 12తో భాగిస్తే 4.43361875, పాల్ రంగు తరంగం చివరి అంకెతో సహా. అమెరికా మెషీన్‌లో క్లాక్ 53.693175. దాన్ని 15తో భాగిస్తే 3.579545, వాళ్ల రంగు తరంగం. రెండు క్రిస్టళ్లనీ ఆ భాగహారాల కోసమే ఎంచుకున్నారు. ఇప్పుడు పాల్ మెషీన్‌లోకి అమెరికా ఆట దొంగదారిన వచ్చింది. ఆట "ఎన్‌టీఎస్‌సీ" అంది, మెషీన్ బుద్ధిగా 15తో భాగించింది. కానీ భాగించాల్సిన అంకె వేరేది. 3.5469 వచ్చింది. తేడా దాదాపు 32,650 హెర్ట్జ్. టీవీ కలర్ డీకోడర్ కొన్ని వందల హెర్ట్జ్ తేడా అయితే సర్దుకుంటుంది. ముప్పై వేలు దాటితే అది రంగు కాదని తేల్చి, కలర్ కిల్లర్ (రంగుని ఆపేసే సర్క్యూట్) వేసి నలుపు తెలుపు చూపిస్తుంది. అంటే మెషీన్ బాగుంది, టీవీ బాగుంది, డిస్కు బాగుంది. ముగ్గురూ మంచివాళ్లే, కలిసి కాపురం కుదరలేదు.

నా బొటనవేలికి కూడా ఇక్కడే క్షమాపణ చెప్పుకోవాలి. ఆ అర సెకను నిజమే. అమెరికా మెషీన్ కూడా సరిగ్గా 60 కొట్టదు, 59.8 చిల్లర కొడుతుంది. పాల్ క్రిస్టల్ మీద అదే లెక్క నడిపితే 59.3 దగ్గరికి దిగుతుంది. 3,600 దెబ్బలు పూర్తవడానికి 60.6, 60.7 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్ అదే చెప్పింది, నేనే వినలేదు.

ఇట్లా మనకేనా?

మధ్యాహ్నం ఫోన్ చేసి సంగతంతా చెబితే కుర్రాడికి కోపం వచ్చింది. "మనకి మాత్రం ఇట్టా నీరసం సరుకు ఇచ్చినారా అన్నా?" మనకే కాదు. ఐరోపా, ఆస్ట్రేలియా అంతా ఇదే తిన్నారు. 1991లో వచ్చిన సోనిక్ ఆట సేగా కంపెనీ మెగా డ్రైవ్ పాల్ మెషీన్లలో పాటతో సహా నెమ్మదిగా నడిచింది. వేగమే పేరుగా అమ్ముడైన ఆట అది! తర్వాతి భాగానికి పాట తాళం సరిచేశారు. ఇంకా కొన్ని కంపెనీలు కష్టపడి కారు అడుగు పొడవు పెంచి, 50 దెబ్బల్లోనే 60 అడుగుల దూరం వచ్చేలా తిరగరాశాయి. చాలామంది రాయలేదు. తిరగరాస్తే మళ్లీ మొత్తం పరీక్షించాలి, నెలలు పడుతుంది. పైగా కొన్నవాడికి పోల్చి చూడ్డానికి పక్కన రెండోది లేదు. ఈ కుర్రాడికి ల్యాప్‌టాప్ కనిపించకపోతే ఈ కేసే నా దగ్గరికి వచ్చేది కాదు.

తొంభైల్లో మేము షాపు ముందు గదిలో 8 బిట్ గేమ్ బాక్సులు పెట్టి పిల్లలకి గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లం. చైనా క్లోన్లు, పసుపుపచ్చ క్యాసెట్లు. ఆ క్లోన్లలో పాల్ చిప్పులు జపాన్ క్యాసెట్లు ఇరుక్కోకుండా ఆడేలా తయారైనవి, ప్రాసెసర్ వేగం కూడా దాదాపు అసలుదానితో సమానం: జపాన్‌లో 1.79 మెగాహెర్ట్జ్, వీటిలో 1.77. కానీ డప్పు 50. అందుకే పాట శ్రుతి దాదాపు సరిగ్గానే ఉండి, తాళం మాత్రం ఆరో వంతు నెమ్మదిగా నడిచేది. మా వీధి పిల్లలందరికీ ఆ పాటలు ఆ నడకలోనే కంఠస్థం. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఇంకో సంగతి: గంట అద్దె తీసుకుని 50 నిమిషాల ఆట ఇచ్చాం. ఇప్పుడెవరైనా బాకీ అడిగితే ఇచ్చుకోలేను.

సినిమాకి మాత్రం ఇది తిరగబడుతుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. పాల్ టీవీకి 25 చొప్పున నడిపితే రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. ఆట నెమ్మదించిన పెట్టెలోనే హీరో కాస్త తొందరగా ఫైట్ ముగిస్తాడు.

1999లో సేగా వాళ్ల డ్రీమ్‌కాస్ట్ మెషీన్ ఐరోపాకి వచ్చేసరికి చాలా ఆటల్లో మొదట్లోనే 50 కావాలా, 60 కావాలా అని అడగడం మొదలైంది. అంతటితో కథ అయిపోయిందనుకున్నాం. 2018లో సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ అని బుల్లి పెట్టె తెచ్చింది. అందులోని 20 ఆటల్లో 9 పాల్ ఆటలే. వాటిలో టెక్కెన్ 3 కూడా ఉంది. హెచ్‌డీఎంఐ వైరు మీద, కొత్త టీవీలో, ఇరవై ఏళ్ల కిందటి 50 మళ్లీ ప్రత్యక్షం. 2022లో ప్లేస్టేషన్ ప్లస్‌లో పాత ఆటలు ఆసియా దేశాలకి ఇచ్చినప్పుడు కూడా కొన్ని పాల్‌వే ఇచ్చి, జనం గోల చేశాక ఎన్‌టీఎస్‌సీ ఎంపిక ఇస్తామన్నారు.

చేసిన పని

కుర్రాడికి మూడు దారులు చెప్పాను. మెషీన్ వెనక సాకెట్‌లో ఆర్‌జీబీ కూడా వస్తుంది. అందులో రంగు తరంగం అనే బాదరబందీయే లేదు, ఎరుపు ఆకుపచ్చ నీలం విడివిడిగా వస్తాయి కాబట్టి 60లో కూడా రంగుకి ఢోకా లేదు. బొమ్మ కూడా అన్నిటికంటే శుభ్రం. అయితే మన టీవీలకి ఆ సాకెట్ ఉండదు, కాంపొనెంట్‌కి మార్చే పెట్టె తెప్పించాలి, ఖర్చు మెషీన్ ధరని దాటిపోతుంది. రెండోది, రంగు తరంగానికి విడిగా క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టడం. మూడోది, ల్యాప్‌టాప్‌లోనే ఆడుకోవడం. మూడోదానికి నాకు పైసా రాదు. అయినా చెప్పాను. "మా నాన్న కొనిచ్చింది ఆడాలన్నా" అన్నాడు. రెండోది ఖాయమైంది.

ఇక్కడ ఒక ఎంపిక ఉంది. 3.58 ఆసిలేటర్ పెట్టి అసలు ఎన్‌టీఎస్‌సీ చేయొచ్చు, లేదా 4.43 పెట్టి పాల్ 60 చేయొచ్చు. పాల్ 60 అంటే రంగు పాల్ పద్ధతిలో, దెబ్బలు 60. నేను రెండోదే ఎంచుకున్నాను. 4.43 అయితే పాల్ డిస్కుకీ అమెరికా డిస్కుకీ ఒక్క ఆసిలేటరే చాలు, స్విచ్చు అక్కర్లేదు. మన ఊళ్లో ఏ కలర్ టీవీ అయినా 4.43 పట్టుకుంటుంది.

పని పెద్దది కాదు, చేతులు వణక్కూడదు, అంతే. ఎన్‌కోడర్‌కి వచ్చే పాత రంగు క్లాక్ దారిని బోర్డు మీద కోశాను. ఇది కోయకుండా కొత్తది కలిపితే రెండు క్లాకులు కొట్టుకుని రంగులు తెర మీద వాంతి చేసుకున్నట్టుంటాయి. మొదట్లో వేరే మెషీన్ మీద నేనే చేశాను. పాల్, ఎన్‌టీఎస్‌సీ ఎంచే పిన్నుని బోర్డు నుంచి లేపి పాల్ వైపు కట్టేశాను. 4.43361875 ఆసిలేటర్‌కి 5 వోల్టులు ఇచ్చి, పక్కనే చిన్న కెపాసిటర్ పెట్టి, వీలైనంత పొట్టి తీగతో ఎన్‌కోడర్‌కి కలిపాను. తీగ పొడవైతే అది ఏరియల్‌లా పనిచేసి బొమ్మ మీద గళ్లు తెస్తుంది. వేడి జిగురుతో అతికించి మూత బిగించాను.

అమెరికా డిస్కు పెట్టాను. ఎర్ర కారు ఎర్రగా వచ్చింది. స్టాప్‌వాచ్: 60.6.

లోపం లేకుండా లేదు. రంగు తరంగం ఇప్పుడు బొమ్మ క్లాక్‌తో జత కట్టి లేదు, ఎవరి తాళం వాళ్లది. అందుకే ఎరుపు అంచుల దగ్గర సన్నగా చీమలు పాకినట్టు కనిపిస్తుంది. ట్యూబు టీవీలో దగ్గరికి వెళ్తే తప్ప తెలియదు. పాల్ డిస్కు పెడితే ముందులాగే రంగులతో, నల్ల పట్టీలతో, 72 సెకన్లలో నడుస్తుంది. దాన్ని వేగం చేయడం నా చేతిలో లేదు, ఆ నెమ్మది డిస్కులోనే రాసి ఉంది.

బెంగళూరులో ఎల్‌ఈడీ టీవీకి పెట్టాలని ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కూడా తెచ్చుకున్నాడు. దానితోనూ చూశాం. ఆ పెట్టె బయటికి ఎప్పుడూ 60 పంపుతుంది. పాల్ డిస్కు 50 బొమ్మలు ఇస్తే అయిదుకొకటి చొప్పున అదే బొమ్మని మళ్లీ చూపిస్తుంది. సెకనుకి పది కుదుపులు. నెమ్మదికి తోడు గతుకుల రోడ్డు. అమెరికా డిస్కుకైతే 59.3కి 60, ఒకటిన్నర సెకనుకి ఒక్క బొమ్మ రెండోసారి వస్తుంది, కంటికి ఆనలేదు. తుపాకీ గేమ్ కూడా ఆడొచ్చా అని అడిగాడు. కుదరదు, ఆ తుపాకీ ట్యూబు మీద కిరణం దాటే క్షణాన్ని పట్టుకుని గురి లెక్కేస్తుంది. ఎల్‌ఈడీలో ఆ కిరణమే లేదు.

డిస్కులు రెండూ ఒకేలా ఉంటాయని పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చాను. అమెరికా దాని మీద 60, పాల్ దాని మీద 72. ఆసిలేటర్‌కీ పనికీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మరు వద్దని షాపులోనే వదిలేసి వెళ్లాడు.

మూడు వారాలకి ఫోన్ చేశాడు. మళ్లీ ఏం చెడిందో అనుకున్నాను. "అన్నా, 60ది పెడితే ఇప్పటికీ మొదటి మలుపులో గోడకి కొడతా ఉండా. వేళ్లు ముందే అలవాటు పడిపోయినాయి." అలవాటు పడకేం చేస్తాయి? బొమ్మకీ బొమ్మకీ మధ్య 20 మిల్లీసెకన్లు ఉన్న ఆటలో పెరిగిన వేళ్లు అవి, 16.7లో ఇమడాలంటే కొన్నాళ్లు పడుతుంది. వాళ్ల చెల్లెలు మాత్రం 72ది తప్ప ముట్టుకోదట. అందులో ఆమెని ఓడించడం ఇంతవరకూ వీడి వల్ల కాలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో పందేనికి కూర్చునే ముందు ఏ డిస్కు పెట్టాలన్న దగ్గరే పోట్లాట మొదలవుతోందట.